‘ద్రాక్షారసం’ పండ్లరసమా, వైనా?

ప్రశ్న

అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం అమలైన కాలంలో, కాలిఫోర్నియాలోని నాపా లోయలో ద్రాక్షతోట సాగుచేస్తూ వైన్ తయారుచేసిన ఒక ఇటాలియన్ వలస కుటుంబం కథను మా శ్రోతల బృందం ఈ మధ్య ఆంగ్ల ఆడియో నవలగా విన్నది. ఆంగ్లం అంతగా అలవాటు లేని పెద్దల కోసం అందులోని రెండు అధ్యాయాలను తెలుగు చేసి చదివి వినిపించే పని నా మీద పడింది. మూలంలో వైన్ అని ఉన్న ప్రతిచోటా నేను ‘ద్రాక్షారసం’ అని రాశాను. చిన్నప్పటి నుంచి చర్చికి వెళ్లే అలవాటున్నవారు ఏ ఇబ్బందీ లేకుండా విన్నారు. మరొక పెద్దావిడ మాత్రం, పిల్లలు తాగే పళ్లరసం కోసం పోలీసులు వచ్చి పీపాలు పగలగొట్టడమేమిటని అమాయకంగా అడిగారు. పోనీ వైన్ అనే ఉంచుదామంటే, ఆ మాట వినగానే వీధి చివరి ‘వైన్స్’ బోర్డూ అక్కడి బ్రాందీ సీసాలూ తప్ప తోట గుర్తుకు రాదని ఇంకొకరు అన్నారు. ‘మద్యపాన నిషేధ కాలం’ అన్న నా ఉపశీర్షికను కూడా ఒకరు తప్పుపట్టారు కానీ, కారణం చెప్పలేదు. పెద్దలు సలహా ఇవ్వగలరా?

జవాబు

అమ్మా, ముందు ఉపశీర్షిక సంగతి తేల్చుకుందాం, అది తేలిక. అమెరికా రాజ్యాంగపు 18వ సవరణ మత్తు పానీయాల తయారీని, అమ్మకాన్ని, రవాణాను, ఎగుమతి దిగుమతులను నిషేధించింది కానీ, తాగడాన్ని నేరంగా ప్రకటించలేదు. నిషేధం రాకముందే కొని దాచుకున్న సీసాను తన ఇంట్లో కూర్చుని ఖాళీ చేసినవాణ్ని ఆ చట్టం ఏమీ అనలేదు. ‘మద్యపాన నిషేధం’ మన పత్రికల్లో ఎంత నలిగిన మాటైనా ఈ నవలకు అతకదు. ‘మద్యనిషేధం’ అంటే చాలు.

ఇక ద్రాక్షారసం. తెలుగు బైబిలు చదివేవారికి ఈ మాట మీద అనుమానం కలగకపోవడం సహజమే. నోవహు తోట వేసి తాగి మత్తుడైనది ద్రాక్షారసంతోనే, కానా పెండ్లిలో నీళ్లు మారినదీ ద్రాక్షారసంగానే. ఇది అనువాదకుల మొహమాటమని కొందరు తేలికగా అంటారు, నేను ఒప్పుకోను. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని విధులు చెబుతూ ‘మృద్వీకారసో మధు’ అన్నాడు. మృద్వీక అంటే ద్రాక్ష. మద్యాల పట్టికలో చెప్పిన మాట కనుక అక్కడి రసం పులిసిన రసమే, ఆ వెంటనే కాపిశాయనం, హారహూరకం అని అది వచ్చే దేశాలను బట్టి పేర్లు కూడా ఇచ్చాడు. కాబట్టి పండు పేరుకు రసం చేర్చి మద్యాన్ని చెప్పడం మన దేశంలో పాత అలవాటే. బత్తాయిరసం, దానిమ్మరసం వరుసలోకి వచ్చి చేరాక ద్రాక్షరసానికి ఆ పాత అర్థం మరుగున పడింది. దీర్ఘముంటే వైన్, లేకుంటే పండ్లరసం అని విడదీద్దామనేవారున్నారు. సంస్కృత సమాసంలో ‘ద్రాక్షా’కు దీర్ఘం ఉంటుంది, తెలుగైన ‘ద్రాక్ష’కు ఉండదు, అంతకుమించి వాటికి అర్థభేదం లేదు. లేని భేదాన్ని మనం కాగితం మీద కల్పించుకున్నా, వినేవారికి అది అందదు.

ఆసవం అని ఎవరైనా సూచిస్తే వద్దనండి. కషాయం కాచి పులియబెడితే అరిష్టం, కాచకుండా పులియబెడితే ఆసవం. ద్రాక్షాసవమనగానే శ్రోతకు ఆయుర్వేద దుకాణం కనిపిస్తుంది. మధువు అంటే తేనె అడ్డొస్తుంది, పైగా పాత సినిమా పాటల వాసన వేస్తుంది.

కథకుని మాటల్లో వైన్ అనే రాయండి, చర్చి ప్రస్తావనల్లో ద్రాక్షారసం అనండి. అయితే అయోమయాన్ని మొత్తం తుడిచేయకండి, ఎందుకంటే ఆ కుటుంబం బతికింది దాని మీదనే. 1919 అక్టోబరులో వచ్చిన వోల్‌స్టెడ్ చట్టం ఆల్కహాలు అర శాతానికి చేరిన పానీయాన్ని మత్తు పానీయంగా లెక్కగట్టింది కానీ, అదే చట్టంలోని 29వ సెక్షను ఇంటి అవసరానికి ఇంట్లో చేసుకునే ‘మత్తు కలిగించని’ పండ్లరసాలకు మినహాయింపు ఇచ్చి, ఆ మత్తుకు కొలత మాత్రం చెప్పలేదు. ఆచరణలో ఒక్కో కుటుంబం ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు చేసుకునే వీలు కలిగింది. కాలిఫోర్నియా ద్రాక్ష రైలు పెట్టెల్లో షికాగోకూ న్యూయార్కుకూ తరలింది. మందపాటి తొక్కతో ప్రయాణాన్ని తట్టుకుని, గుజ్జు కూడా ఎర్రగా ఉండే అలికాంట్ బుషే రకానికి గిరాకీ పెరగడంతో, మేలిరకం వైన్ ఇచ్చే పాత తీగలను పీకి దాన్ని నాటుకున్న రైతులున్నారు. చట్టం లెక్కలో రైలెక్కినది పండు, ఇంట్లో పిండినది రసం. ఆ తరువాత పీపాలో అది ఏమైందో అడిగే నాథుడు లేడు. అందుకే ఇన్‌స్పెక్టరు ఎదుట తండ్రి చెప్పుకునే సంజాయిషీలో మాత్రం ‘ద్రాక్షరసం’ అనే ఉంచండి. ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నే ఆయన వాదన కూడా.

మరో జవాబు, నెల్లూరు నుంచి

మాస్టారూ, నమస్కారం. నేనూ ఆ నవల విన్నాను, మా అమ్మకు కథగా చెప్పాను. ఆమె ఆ కుటుంబం పక్షం వహించలేదు. నిషేధం కోరిన స్త్రీలను నవల చాదస్తులుగా చూపించిందని ఆమె అభ్యంతరం, నాదీ అదే. ఒహాయోలోని హిల్స్‌బరోలో 1873 డిసెంబరులో సెలూన్ల (అక్కడి మద్యం దుకాణాల) ముందు నిలబడి ప్రార్థనలు చేసిన ఆడవాళ్ల ఇళ్లలో ఏం జరిగేదో, 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు ఎందుకు మూయించారో తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. మన దగ్గర 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోదాన్ని 1997లో ఎత్తేశారు. భాష విషయానికి వస్తే, మా అమ్మ తరం ‘సారా’ వేరు, ‘కల్లు’ వేరు అని స్పష్టంగా పలికేవారు, ‘మద్యం’ అన్నది ప్రభుత్వ ఉత్తర్వుల మాట. ఇంట్లో దెబ్బలు తిన్న మనిషి నోట వచ్చే మాట ‘తాగుడు’. నవలలోని ఆ స్త్రీల సంభాషణల్లో మద్యపానమనే మాట ఎక్కడైనా రాసి ఉంటే దయచేసి ‘తాగుడు’గా మార్చండి.

మరొక సభ్యుడు

చర్చి ప్రస్తావనల్లో ద్రాక్షారసం అన్న మాస్టారి సూచనకు చిన్న సవరణ. మా సంఘంలో ప్రభురాత్రి భోజనానికి ఇచ్చేది పులియని రసమే, దాన్నీ ద్రాక్షారసమనే అంటాం. అమెరికాలోనూ 1869లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు, చర్చిలో వాడేందుకని రసాన్ని వేడిచేసి పులియకుండా నిలవచేశాడు. కథోలికులకు, యూదులకు మాత్రం మతకర్మలకు వైనే వాడుక కనుక చట్టం దానికి అనుమతినిచ్చింది. నాపాలోని బోల్యూ వంటి తోటలు బలిపూజకు వైన్ సరఫరా చేసే నిలదొక్కుకున్నాయి. పాదిరి తోటకు వచ్చే ఘట్టంలో ‘పూజ వైన్’ అనడం మేలు, లేకపోతే మావంటి శ్రోతలు వెల్చ్ గారి రసమే అనుకుంటారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తాగుడు, పూజ వైన్ రెండూ చేర్చుకున్నాను. ఎండబెట్టి గట్టిగా అదిమిన ద్రాక్ష ఇటుకల ఘట్టం ఒకటుంది. ఈ దిమ్మను గ్యాలన్ నీళ్లలో కరిగించి కూజాలో పోసి అలమరాలో 20 రోజులు ఉంచవద్దు, ఉంచితే వైన్ అవుతుందని హెచ్చరిక రూపంలో తయారీ విధానమంతా చెప్పేస్తుంది. అక్కడ వైన్ అన్న మాట దాచకుండా చదివితేనే శ్రోతలు నవ్వారు. నా చివరి సందేహం ‘పులియడం’ గురించి. ‘రసం పులిసింది’ అని చదివితే, పాడైపోయిందా అని ఇద్దరు అడిగారు.

జవాబు, నల్గొండ నుంచి

అక్కా, మా తాతలు గీత కార్మికులు కాబట్టి చెబుతున్నాను. సున్నం పూసిన లొట్టి కడితే నీరా, సున్నం లేకుండా కడితే కల్లు. చెట్టు అదే, ధార అదే, పేర్లు రెండు. ద్రాక్షకు మన దగ్గర అలాంటి జంట పేర్లు లేకపోవడం వల్లనే మీకింత తిప్పలు. ‘పులిసిన కల్లు’ అంటే మా ఇంట్లో కూడా పొద్దెక్కి పుల్లబడిన కల్లే, ఎవరూ ఇష్టపడనిది. అందుచేత ఆ చోట క్రియ కోసం వెతకకుండా కంటికి కనిపించేది రాయండి. పీపాలో రసం బుసబుస పొంగుతుంది, తొక్కలన్నీ నురుగుతో పైకి తేలి మందంగా అట్ట కడతాయి, వాటిని రోజూ కర్రతో కిందికి అదమాలి. ‘రసం పొంగుకొచ్చింది’ అంటే మా ఊళ్లో ఎవరికీ అనుమానం రాదు. అదే వైన్ ఎక్కువ రోజులు గాలి తగిలి పాడైన చోట ‘పులిసిపోయింది’ అని వాడుకోండి.