79 కేజీల దగ్గర బరువు ఆగిపోయింది, ఏం మార్చాలి?

నా వయసు 36, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, రోజంతా కూర్చునే జాబ్. సంక్రాంతి అయ్యాక 86 కేజీలతో మొదలుపెట్టి 79కి వచ్చా, ఇప్పుడు రెండు నెలల నుంచి ముల్లు కదలట్లేదు. ఆదివారం తప్ప రోజూ పొద్దున 5:45కి 50 నిమిషాలు స్పీడ్‌గా నడుస్తా. టిఫిన్‌కి రెండు పెసరట్లు, మధ్యాహ్నం కప్పు అన్నం, పప్పు, కూర, మజ్జిగ, రాత్రి 7:30 కల్లా రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర. టీలో పంచదార ఎప్పుడో మానేశా.

అన్నం బదులు కొర్రలు తిని చూశా, ఏం మారలేదు, క్యాలరీల్లో బియ్యానికీ వాటికీ పెద్ద తేడా లేదుగా మరి. రాత్రి తిండి పూర్తిగా మానేస్తే పొద్దున వాకింగ్‌లో కళ్ళు తిరిగాయి, కాబట్టి ఆ సలహా మాత్రం వద్దు ప్లీజ్. థైరాయిడ్, షుగర్ రెండూ నార్మల్. విచిత్రం ఏంటంటే ప్యాంటు నడుము దగ్గర కొంచెం లూజ్ అయింది, బరువు మాత్రం అంతే ఉంది.

జిమ్‌కి టైమ్ లేదు, ఇంట్లో 5 కేజీల డంబెల్స్ జత ఉంది. ఇలా ఆగిపోయి మళ్ళీ తగ్గినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, వాకింగ్ ఇంకా పెంచాలా లేక వారానికి మూడు రోజులు దాని బదులు డంబెల్స్ చెయ్యాలా?