వీధి పిల్లి సజ్జ దిగుతలేదు, ఏం చేయాలె?

మేడమీది_మల్లె:
పొద్దున్నుంచి ఇదే పని, నా వల్ల అయితలేదు. ఇల్లంతా ఫినాయిల్ కొట్టి కడిగి, నిన్న పిల్లిని తెచ్చినం. వదలంగనే సజ్జ మీది అట్టపెట్టెల వెనక దూరింది. పాలు, పెరుగన్నం పెట్టిన, ముట్టలే. చెయ్యి పెడితే బుస్సుమంటది. రాత్రంతా ఒకటే అరుపు, కిందోళ్లు గొడవ పెడుతున్నరు. ఇయాళ రాత్రి తలుపు తీసి పెడితే అదే అలవాటు పడతదా?

రాత్రి_డ్యూటీ:
తీయకండి. పోతది.

పశువుల_దవాఖాన:
ఆడదా, మగదా? పిల్లలు కాకుండ ఆపరేషన్ అయిందా? పాత జాగ ఎక్కడ? ఆడదైతే చన్లు ఉబ్బి ఉన్నయా చూడండి, అక్కడ పిల్లలున్నయేమో.

మూగజీవి_మిత్రుడు:
అన్నిటికన్నా ముందు ఆ ఫినాయిల్ సంగతి. ఫినాల్ జాతి మందులను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే చాలు, లోపలికి పోతది. నీళ్లల్ల పోస్తే తెల్లగయ్యే నల్ల ఫినాయిల్, డెటాల్ రెండూ అంతే. కుక్కల పిడుదుల మందుల పర్మెత్రిన్ ఉంటే అదీ విషమే. జ్వరమని పారాసిటమాల్ సగం గోలీ వేసినా ప్రాణం పోతది. సబ్బునీళ్లతో మళ్ల కడిగి, ఫ్యాన్ వేసి ఆరబెట్టండి.

కోట_గుమ్మం:
బుస్సుమంటే అది అడవి పిల్లి. ఇంట్ల పెట్టుకునుడు నేరం.

పశువుల_దవాఖాన:
అడవి పిల్లి వేరే జాతి అన్నా. కాళ్లు పొడుగు, తోక పొట్టి, తోక కొసకు నల్ల పట్టీలు. 1972 వన్యప్రాణి చట్టం దానికి. ఇది భయపడ్డ వీధి పిల్లి.

కోట_గుమ్మం:
మచ్చిక కానిదాన్ని మా దిక్కు అడవిదే అంటరు.

రాత్రి_డ్యూటీ:
పేరు తర్వాత పెట్టుకుందురు, ముందు ఆమెకు జవాబు చెప్పండి.

మేడమీది_మల్లె:
మగది. ఆపరేషన్ కాలే. నయీంనగర్‌ల రోజూ మా గుమ్మంల తినేది, నిమిరినా ఏమనకపోయేది. ఆ ఇల్లు కూలగొడుతున్నరు, మేం కాజీపేటకు మారినం. బస్తాల వేసి బండి మీద తెచ్చినం.

పశువుల_దవాఖాన:
నిమరనిచ్చేదైతే కుదురుకుంటది అక్కా. బస్తా, బండి చప్పుడుతో బెదిరింది, గంతే. ఇల్లంతా వదలకుండ ఒక్క చిన్న గదిల 2 నుంచి 4 వారాలు ఉంచండి. రేకుల గది వద్దు, ఉడికిపోతది. సజ్జ మీంచి గుంజకండి. అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, అందుల పాత ఇంటి గుడ్డ ఏదన్నా ఉతకకుండ వేయండి, ఆ వాసనకు దిగుతది. వెడల్పు టబ్బుల 3 అంగుళాల మందం సన్న ఇసుక పోసి, పాత వాకిట్ల మట్టి రెండు గుప్పిళ్లు కలపండి. అది ఒక మూల, తిండి ఎదురు మూల. రెండూ పక్కపక్కన ఉంటే తిండి ముట్టదు.

పాలు బంద్ చేయండి, పెద్ద పిల్లులకు చాలావాటికి అరగక విరేచనాలైతయి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండ ఉడికించిన చికెన్ బొక్కలు తీసి, పొద్దున, సాయంత్రం ఒకే టైముకు పెట్టండి. పెట్టేముందు గిన్నె మీద చెంచాతో కొట్టండి, అర్ధగంటకు తీసేయండి. ఆ వారాలు గడిచి బయటికి వదిలినంక ఆ చప్పుడుకే తిరిగొస్తది. రెండో రోజు కూడా ఏం తినకుంటే ఆగొద్దు, కాలేయం దెబ్బతింటది. మామునూరు వెటర్నరీ కాలేజీల చూపించండి.

గదిల ఉన్నప్పుడే ఆపరేషన్, రేబిస్ టీకా చేయించండి. ఆపరేషన్ అయినంక కూడా తిరుగుడు తగ్గడానికి కొన్ని వారాలు పడతది. కిటికీకి దోమల జాలి చాలదు, గోళ్లతో చీరుతది, ఇనుప జాలి కొట్టించండి. మొదటిసారి వదిలేది తిండికి ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, పది నిమిషాలే. ఎవరినన్న గోకితే 15 నిమిషాలు సబ్బు పెట్టి ధార కింద కడిగి, అదే రోజు సూది వేయించాలె.

మేడమీది_మల్లె:
పాత డోర్‌మ్యాట్ ఉన్నది, నడుస్తదా? దాని మీదనే పండేది.

పశువుల_దవాఖాన:
అంతకన్నా మంచిది లేదు.

కోట_గుమ్మం:
మగదానికి ఆపరేషన్ ఎందుకు, పాపం?

మూగజీవి_మిత్రుడు:
మల్లె అక్కా, ఫినాయిల్ కడిగిన్రా లేదా?

మేడమీది_మల్లె:
కడుగుతున్న. థాంక్స్ అన్నా.