పండే పొలంలో ఫార్మ్‌స్టే: రైతుకు ఆదాయమా, పంటకు అడ్డమా?

కొల్లిపర రైతు:
మాకు కొల్లిపర మండలంలో ఆరెకరాలు ఉంది. అరటి, పసుపు, కొంత కంద వేస్తాం. రెండు గేదెలున్నాయి. పొలంలోనే మూడు గదులు కట్టి, పట్నం వాళ్లకు బసకు అద్దెకిచ్చే ఫార్మ్‌స్టే పెడదామని బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడి కొడుకు పట్టుబడుతున్నాడు. విజయవాడ, గుంటూరు వాళ్లు శని, ఆదివారాలు వస్తారంటాడు. ఇంట్లో సగం మంది సరే అంటున్నారు, సగం మంది వద్దంటున్నారు. వ్యవసాయం మానే ఉద్దేశం మాత్రం లేదు. పంట పండిస్తూ ఇది నడపగలమా? తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రత్తిపాడు మిర్చి:
నన్నడిగితే వద్దండీ. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పటి నుంచి మా వైపు మిర్చికి మందుల వాడకం బాగా పెరిగింది. డబ్బా మీద అత్యంత విషమని చెప్పే ఎర్ర త్రికోణం ఉన్న మందు కొట్టిన చేల పక్కన చిన్నపిల్లల్ని తిప్పుతామా? మీది పసుపే కావచ్చు, గట్టు అవతల రైతు కొట్టే మందు గాలికి మీ గదుల దాకా వస్తుంది. ఆదివారం కొట్టొద్దని అతన్ని ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? పురుగు పడితే అతనూ ఆగలేడు. ఇక కల్లంలో మిర్చి ఆరబోస్తే ఆ ఘాటుకు మనకే తుమ్ములు ఆగవు. పట్నం పిల్లలు కాయ పట్టుకుని ఆ చేత్తోనే కళ్లు నులుముకుంటారు. ఆ టెన్షన్ మీకెందుకు?

తెనాలి కోడలు:
మిర్చి చేల మధ్య అయితే అన్నయ్యగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ పసుపు, అరటి ఉన్న చోట కుదురుతుందనే నా నమ్మకం. ఒక్క షరతు: పంట ఎప్పుడు రమ్మంటే అప్పుడే అతిథులు రావాలి, అతిథుల కోసం పంట పనులు ఆగకూడదు.

పసుపు సంగతే చూడండి. జనవరి నుంచి మార్చి దాకా తవ్వకాలు, ఉడకబెట్టడాలు. ఉడికేటప్పుడు నురగ పైకి పొంగుతుంది, వాసన వీధి చివరి దాకా వస్తుంది. కొమ్ముకు పుల్ల గుచ్చితే సులువుగా దిగాలి, అప్పుడు దించుతారు. తర్వాత రోజుల తరబడి ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టి, దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డుకు తోలుతారు. రోజూ కూరలో పసుపు వేసుకునే వాళ్లలో దీన్ని కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది? దానికోసం మనిషి తప్పకుండా వస్తాడు. స్విమ్మింగ్ పూలూ, డీజే కావాలనుకునేవాడు మీ దగ్గరికి రాకపోవడమే మేలు.

వేసవి సెలవులని మాత్రం ఆశపడకండి. మే నెలలో కాలువలు కట్టేస్తారు, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు మూసేయండి.

ఇంకో మాట, మగవాళ్లు ఈ చర్చల్లో ఎప్పుడూ అడగనిది. వండేదెవరు? దుప్పట్లు ఉతికేదెవరు? ఇంట్లో "వద్దు" అన్న ఆ సగం మంది ఆడవాళ్లేనా? అయితే వాళ్ల మాట ముందు వినండి. పాలు తీసి, పొలం వెళ్లే వాళ్లకు క్యారేజీ సర్ది, ఆ పైన పదిమందికి పెసరట్లు పోయాలంటే నడుం విరుగుతుంది. వంటకు మనిషిని పెట్టుకోండి, లేదా ఆ పని చేసే ఇంటి ఆడవాళ్లకు లెక్క కట్టి డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి.

లెక్కల మాస్టారు:
భావాలు పక్కన పెట్టి లెక్క చూద్దాం. నెలకు ఎనిమిది వారాంతపు రాత్రులు, మూడు గదులు. అన్నీ నిండితే 24 బుకింగులు, సగమే నిండితే 12. గదికి 2,000 రూపాయలు అనుకుంటే నెలకు 24,000. అందులోనే వంట, శుభ్రం, కరెంటు, అప్పుకు వడ్డీ. కాబట్టి అప్పు చేసి కట్టకండి.

మోటారుకిచ్చే ఉచిత కరెంటు సేద్యానికే, ఆ లైను నుంచి గదులకు తీగ లాగొద్దు. వేరే మీటరు పెట్టించండి. పంట ఆదాయానికి పన్ను లేదు గానీ గదుల అద్దె వ్యాపార ఆదాయమే, దానికి పుస్తకం వేరుగా రాయాలి. భోజనం అమ్ముతారు కాబట్టి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కావాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి.

అన్నిటికన్నా ముందు, మీ పొలం కృష్ణ కరకట్టకు లోపలా (నది వైపా), బయటా (ఊరి వైపా)? 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు లంకల్లో అరటి, పసుపు ఏమయ్యాయో మీకే తెలుసు. నది వైపు గది కట్టే ఆలోచన ఉంటే ఇక్కడే ఆపేయండి.

కౌలు రైతు:
నాదో ప్రశ్న. మన జిల్లాల్లో చాలా పొలాలు చేసేది కౌలుదారులే. యజమాని గదులు కట్టి అతిథుల్ని దించితే, చూపించేది నేను పండించిన పంటను. వాళ్లు చేలో తిరిగి పసుపు మొక్కలు తొక్కినా, ఫొటో కోసం అరటి గెల కోసినా నష్టం నాది, అద్దె ఆయనది. ఇది న్యాయమేనా? కౌలు మాట్లాడుకునేటప్పుడే ఈ నష్టం ఎవరు భరించాలో, అద్దెలో కౌలుదారుకు వాటా ఎంతో కాగితం మీద రాసుకోవాలి.

ప్రత్తిపాడు మిర్చి:
ఈ మాటకు నేనూ ఒప్పుకుంటా. కౌలు పొలంలో అయితే రైతు ఒప్పుకోకుండా ఎవరినీ చేలోకి దించకూడదు.

కొల్లిపర రైతు:
అందరికీ ధన్యవాదాలు. ఆరెకరాల్లో నాలుగు మేమే చేస్తాం, రెండు కౌలుకిచ్చాం. ఆ రెండెకరాల్లోకి ఎవరినీ పంపం. పొలం కరకట్ట లోపలే, ఇల్లు మాత్రం ఊళ్లో ఉంది. అందుకని పొలంలో కొత్త గదుల ఆలోచన మానేసి, ఇంటి మేడ మీద ఖాళీగా ఉన్న రెండు గదులు బాగుచేయిద్దామని మావాడికి చెప్పాను. వద్దన్నది మా ఆవిడ, మా అమ్మే. వంటమనిషి దొరికితేనే సరేనన్నారు. ఈ జనవరి పసుపు తవ్వకాలకు రాత్రి బస లేకుండా, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేలా తెలిసినవాళ్లనే పిలిచి చూస్తాం. ఊళ్లో ఇంటి గదులకు కరెంటు మీటరును ఇంటి కేటగిరీ నుంచి వ్యాపార కేటగిరీకి మార్చుకోవాలా, ఉన్నది చాలా? మాస్టారు గారు, వీలైతే చెప్పండి.