మారిషస్ వెళ్లిన మన కూలీలు: వలస పోయారా, అమ్ముడుపోయారా?

కోరంగి రేవు:
ఉగాది నాడు మా బంధువుల ఇంట్లో మారిషస్ ప్రస్తావన వచ్చింది. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉందని ఎవరో చెబితే, ఒక పెద్దాయన "మనవాళ్లు ధైర్యంగా సముద్రం దాటి వెళ్లి బాగుపడ్డారు" అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మారిషస్‌లో బానిసత్వం రద్దయింది 1835 ఫిబ్రవరి 1న. దాదాపు 66 వేల మంది బానిసలను వదులుకున్నందుకు యజమానులకు బ్రిటిష్ ప్రభుత్వం 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం చెల్లించింది. విడుదలైనవారికి పైసా దక్కలేదు. దానికి మూడు నెలల ముందే, 1834 నవంబరు 2న, కలకత్తా నుంచి అట్లాస్ అనే ఓడలో, చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వచ్చిన 36 మంది కూలీలు మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో దిగారు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. బానిసలు ఉన్న గుడిసెల్లోనే మన కూలీలను ఉంచారు. మగవాడికి నెలకు ఐదు రూపాయల జీతం, తిండి గింజలు. ఒక రోజు పని మానితే రెండు రోజుల కూలి కోసేవారు. దాని పేరే 'డబుల్ కట్'. నెలలో పది రోజులు మానినవాడి చేతికి ఏం మిగులుతుంది?

నా దృష్టిలో ఇది పేరు మార్చుకున్న బానిసత్వమే. 1840లో, దక్షిణ అమెరికాలోని గయానాకు కూలీలను పంపే విషయంలో, బ్రిటిష్ మంత్రి లార్డ్ జాన్ రస్సెల్ కూడా ఇది కొత్త తరహా బానిసత్వానికి దారి తీయవచ్చని భయపడ్డారు.

లెక్కల మనిషి:
కోరంగి రేవు గారూ, మీ ఆవేదన అర్థమైంది. కానీ బానిసకు పుట్టిన బిడ్డ బానిసే. ఒప్పంద కూలీ బిడ్డ అలా కాదు. ఒప్పందానికి గడువు ఉండేది, అది తీరేది. మొత్తం మీద సుమారు నాలుగున్నర లక్షల మంది వెళితే, వారిలో సుమారు మూడో వంతు మంది తిరిగి వచ్చారు. వచ్చినవారిలో కొందరు తమ ఊరివాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ ఓడ ఎక్కారు. అమ్ముడుపోయినవాడు ఆ పని చేస్తాడా?

మన వైపు పరిస్థితి కూడా చూడాలి. 1832-33 నందన కరువు గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసింది. 1839 నవంబరు తుపాను మీరు పేరుగా పెట్టుకున్న కోరంగి రేవునే ముంచేసింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, 1843లో, 'కోరంగి ప్యాకెట్' ఓడ మారిషస్ చేరింది. మారిషస్‌లో తెలుగువారిని 'కొరంగీలు' అనడం ఆ రేవు పేరు మీదుగానే. ఆకలితో చావడమా, ఓడ ఎక్కడమా అన్నప్పుడు వాళ్లు ఎంచుకున్నారు. ఆ ఎంపికను మనం వాళ్ల నుంచి లాక్కోకూడదు.

పైగా 1880ల తర్వాత తోటల యజమానులు నేలను ముక్కలుగా అమ్మినప్పుడు కొన్నది ఎక్కువగా మనవాళ్లే. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ప్రధానిగా ఉన్న శివసాగర్ రామ్‌గులామ్ తండ్రి, బిహార్ నుంచి వెళ్లిన ఒప్పంద కూలీయే.

చరిత్ర ఉపాధ్యాయిని:
ఇద్దరూ ఓడ ఎక్కే క్షణం దగ్గరే ఆగిపోయారు. ఇష్టపడి ఎక్కాడా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. దిగిన తర్వాత మానుకోగలిగాడా? నేను తూచేది అక్కడే.

లెక్కల మనిషి గారూ, గడువు తీరేది అన్నారు. తీరాక ఏమైందో చూడండి. 1850ల ఆరంభంలో ఉచిత తిరుగు ప్రయాణం ఎత్తేశారు. 1867 చట్టం ప్రకారం, ఒప్పందం పూర్తి చేసిన 'పాత వలసదారు' తన ఫొటో అతికించిన టికెట్టు, పోలీసు పాసు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. జిల్లా దాటాలంటే అనుమతి కావాలి. టికెట్టు పోతే మళ్లీ డబ్బు కట్టాలి. కాగితం లేనివాడు దేశదిమ్మరి, జైలే గతి. ఒప్పందం తీరినవాడికి బయట బతకడం ఎంత కష్టం చేస్తే, అంత త్వరగా అతను మళ్లీ తోటలోకి వచ్చి వేలిముద్ర వేస్తాడు. చట్టం ఉద్దేశం అదే.

అయినా వాళ్లు నోరు మూసుకుని లేరు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట మేనేజరు సాయంతో 9,401 మంది పాత వలసదారులు గవర్నరుకు అర్జీ పెట్టారు. తోటల యజమానులు ఆయనను దేశం నుంచి వెళ్లగొట్టాలని గొడవ చేశారు. చివరికి రాయల్ కమిషన్ వచ్చి, 1875లో నివేదిక ఇచ్చింది. అర్జీలో ఉన్న చాలా ఫిర్యాదులు నిజమని తేలింది. బానిసలకు దొరకని తలుపు ఇది. అందుకే దీన్ని బానిసత్వం అనను. స్వేచ్ఛా వలస అని అసలే అనను.

పోర్ట్ లూయీ నివాసి:
ఇక్కడ ఉంటున్నాను కాబట్టి ఒక్క మాట. 'మావాళ్లూ బానిసలే' అని క్రియోల్ స్నేహితుల ముందు, అంటే ఆనాటి బానిసల వారసుల ముందు అంటే వాళ్లు నొచ్చుకుంటారు. వాళ్ల పూర్వీకులను ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి పేరూ ఊరూ చెరిపేసి తెచ్చారు. మన కూలీ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. ఉద్దేశం పారిపోతే పట్టుకోవడమే అయినా, మనకు వెనక్కి వెళ్లే దారి మిగిలింది. వాళ్లకు అది లేదు. 2009లో ఏర్పడిన సత్య, న్యాయ కమిషన్ బానిసత్వాన్నీ ఒప్పంద కూలీ వ్యవస్థనూ కలిపే పరిశీలించింది గానీ, రెండూ ఒకటేనని కలిపేయడం అన్యాయం.

కోరంగి రేవు:
శీర్షికలో 'అమ్ముడుపోయారా' అన్నది తొందరపాటే. క్రియోల్ కుటుంబాల సంగతి నాకు తట్టనే లేదు, క్షమించండి. కానీ 'వెళ్లి బాగుపడ్డారు' అన్న మాటను ఇప్పటికీ ఒప్పుకోను. బాగుపడింది మనవలు. వెళ్లినవాళ్లు కాదు.

పోర్ట్ లూయీ నివాసి గారూ, ఒక విన్నపం. మారిషస్‌లోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్న ఆ కూలీ రిజిస్టర్లలో విశాఖపట్నం, గంజాం జిల్లాల ఊళ్ల పేర్లు ఇంగ్లిషు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసి ఉంటాయి కదా. కుటుంబాల అనుమతితో మీకు కనబడిన ఊళ్ల పేర్లు మాత్రం, మనుషుల పేర్లు లేకుండా, ఇక్కడ పెడతారా? ఆ తాలూకాలవాళ్లం ఇక్కడ కొందరం ఉన్నాం. ఏది ఏ ఊరో కూర్చుని పోల్చుకుంటాం.