పౌడర్ తూకానికి బీమ్ స్కేలా, డిజిటల్ స్కేలా?

తూటాలు సొంతంగా రీలోడ్ చేయడం (వాడేసిన ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందుగుండు పౌడర్ నింపడం) ఈమధ్యే మొదలుపెట్టాను. పౌడర్ తూచే దగ్గరే టెన్షన్. నా చిన్న డిజిటల్ స్కేలు 0.1 గ్రెయిన్ వరకు చూపిస్తుంది, కానీ పది నిమిషాలకే సున్నా జరిగిపోతోంది. ఫ్యాన్ ఆపాను, ఫోన్ దూరంగా పెట్టాను, అరగంట ముందే ఆన్ చేసి ఉంచాను. అయినా అదే ఖాళీ పళ్లెం రెండుసార్లు పెడితే రెండు లెక్కలు! గ్రెయిన్ అంటేనే దాదాపు 0.065 గ్రాములు, అందులో పదో వంతును ఎలా నమ్మను? చార్జ్, అంటే ఒక్కో తూటాలో వేసే పౌడర్ మోతాదు, గరిష్ఠ పరిమితి దగ్గర ఉంటే ఇది చిన్న తేడా కాదు.

బీమ్ స్కేలు (దండె మీద బరువు జరిపి తూచే త్రాసు) నిదానమే గానీ బ్యాటరీ గోల ఉండదు. దానికే మారిపోనా? స్కేలు సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించే చెక్ వెయిట్లు ఎంత బరువువి కొనాలి? నా దగ్గర 50 గ్రాముల తూకపురాయి ఒక్కటే ఉంది, తూచే పౌడరేమో 3 గ్రాములు కూడా ఉండదు. వాడినవాళ్లు కాస్త చెప్పండి.