మన వైఫై పేరే కనబడని ల్యాప్‌టాప్: ఫార్మాట్ చేయించాలా, వద్దా?

పల్నాటి_మాస్టారు: మా అబ్బాయి అమెరికాలో కొన్న ల్యాప్‌టాప్ సంక్రాంతికి వచ్చినప్పుడు నాకిచ్చి వెళ్లాడు. విండోస్ 11. ఇంట్లో మూడు ఫోన్లకూ వైఫై వస్తోంది, దీనికి మాత్రం రాదు. పాస్‌వర్డ్ దాకా కూడా పోదు. జాబితాలో పక్కింటివాళ్ల పేర్లు రెండు కనబడతాయి గానీ మా పేరు ఉండదు. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి కనబడుతుంది, రెండు రోజులు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మళ్లీ మాయం. షాపులో చూపిస్తే ‘విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టాలి’ అన్నారు. చేయించమంటారా?

నీలిమబ్బు: ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి.

ఏలూరు_కుర్రాడు: ఆన్‌లో ఉంటే పక్కింటి పేర్లు ఎలా కనబడతాయండీ?

స్క్రూడ్రైవర్: సికింద్రాబాద్‌లో పన్నెండేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. ఒకసారి కనబడి ఒకసారి కనబడకపోతే రెండే కారణాలు. అప్‌డేట్‌లో డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) చెడిపోయి ఉండాలి, లేదా లోపల వైఫై కార్డు వదులై ఉండాలి. ముందు ఫార్మాట్ కొట్టించండి. అప్పటికీ రాకపోతే కార్డు మార్చాలి. షాపువాళ్లు సరిగ్గానే చెప్పారు.

లలిత_నెట్‌వర్క్స్: మాస్టారూ, ఫార్మాట్ వద్దు. ముందు మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్ దానికి కలుస్తుందో లేదో చూడండి.

పల్నాటి_మాస్టారు: కలిసిందమ్మా. ఆ నెట్‌తోనే ఇది రాస్తున్నాను.

లలిత_నెట్‌వర్క్స్: అయితే కార్డూ బాగుంది, విండోసూ బాగుంది. మీరు చెప్పినవాటిలో రెండు మాటలు ముఖ్యం: అమెరికాలో కొన్నది, కరెంటు పోయి వచ్చాక కనబడటం. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మన దేశంలో 1 నుంచి 13 దాకా చానెళ్లు, అంటే రూటర్ సిగ్నల్ పంపే దారులు, వాడతారు. అమెరికా కోసం చేసిన పరికరాలు మామూలుగా 11 దగ్గర ఆగిపోతాయి. రూటర్ 12లోనో 13లోనో ఉంటే చాలా కార్డులకు ఆ పేరే కనబడదు. ఇక్కడ కొన్న ఫోన్లకు ఆ ఇబ్బంది లేదు. చానెల్ ‘ఆటో’లో ఉంటే రూటర్ ఆన్ అయినప్పుడల్లా తనకు నచ్చింది ఎంచుకుంటుంది, కొన్ని మధ్యలో కూడా మార్చుకుంటాయి. అందుకే రెండు రోజులు వచ్చి పోతోంది.

స్క్రూడ్రైవర్: హాట్‌స్పాట్ పక్కనే ఉంటుంది కాబట్టి బలహీనమైన కార్డుకైనా అందుతుంది. అదొక పరీక్షా?

లలిత_నెట్‌వర్క్స్: గోడ అవతల పక్కింటి రూటర్ కనబడుతోంది కదా అన్నా. అది ఇంకా దూరం.

స్క్రూడ్రైవర్: మీరన్న దేశం గొడవే నిజమైతే, ఫార్మాట్ కొట్టి ఇండియా విండోస్ వేస్తే సరిపోతుందిగా!

లలిత_నెట్‌వర్క్స్: విండోస్‌లో దేశం మార్చితే తేదీ, రూపాయి గుర్తు మారతాయి. ఈ హద్దు చాలా కార్డుల్లో వాటి లోపలే రాసి ఉంటుంది.

స్క్రూడ్రైవర్: నేను వేసి చూపించిన మెషిన్లున్నాయి. మీరు పుస్తకంలో చదివి చెబుతున్నారు.

లలిత_నెట్‌వర్క్స్: ఫార్మాట్ చేసేటప్పటికి ఆ ఇంటి రూటర్ ఏ చానెల్‌లో ఉందో చూశారా? చూడకుండా దేనివల్ల బాగైందో ఎలా చెప్పగలరు?

ఏలూరు_కుర్రాడు: కేబుల్ పెట్టుకుంటే పోలా.

గోదారి_గట్టు: ఫార్మాట్ అనగానే నాకు కడుపు మండుతుంది. నాలుగేళ్ల కిందట ఇలాగే నెట్ రావట్లేదని ఒక షాపులో ఇచ్చాను. ‘డి డ్రైవ్ ముట్టుకోం, మీ ఫైళ్లు భద్రం’ అన్నారు. మా నాన్నగారు పోయే ముందు చదివిన భాగవత పద్యాలు నేను డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్లో దాచుకున్నాను. డెస్క్‌టాప్ ఉండేది సి డ్రైవ్‌లోనని అప్పటికి నాకు తెలియదు. వాళ్లు అడగలేదు. ఆయన గొంతు మళ్లీ వినలేదు. తీరా చూస్తే మా రూటర్‌దే లోపం.

స్క్రూడ్రైవర్: మీకు జరిగింది ఘోరం. అడగకుండా తుడిచేసినవాడిది తప్పే. కానీ అందరినీ ఒకే గాటన కట్టకండి. నిజం చెబుతాను, తిడితే తిట్టండి. మెషిన్ తెరిచి రెండు గంటలు వెతికి, చివరికి ఒక్క సెట్టింగ్ మార్చితే ‘ఏముంది, ఒక నొక్కు నొక్కావు’ అని యాభై చేతిలో పెడతారు. అదే ఫార్మాట్ కొడితే మారుమాట లేకుండా ఐదొందలు ఇస్తారు. నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లకు జీతాలివ్వాలి.

లలిత_నెట్‌వర్క్స్: ఇంతసేపూ మనం చానెల్ గురించి కొట్టుకున్నాం. అసలు సంగతి ఇదన్నమాట. చూసినందుకు ఇంత అని బోర్డు పెట్టొచ్చు కదా?

స్క్రూడ్రైవర్: పెట్టాను. మూడు నెలలకు తీసేశాను. చూడటానికీ డబ్బులా అని పక్క షాపుకు పోయారు.

గోదారి_గట్టు: నన్ను ముందే అడిగి ఉంటే వెయ్యి ఇచ్చేవాణ్ణి. ‘ఏం దాచుకున్నారు, ఎక్కడ దాచుకున్నారు’ అని ఒక్క ప్రశ్న.

స్క్రూడ్రైవర్: అది అడగాలి. మా కుర్రాళ్లకు కాగితం మీద రాయించి సంతకం తీసుకోమని చెప్పాను. రద్దీలో వదిలేస్తారు. అది నా తప్పే.

పల్నాటి_మాస్టారు: లలితమ్మా, రూటర్ బోర్లా తిప్పితే అడుగున చీటీ మీద 192.168.1.1 అని రూటర్ సెట్టింగుల అడ్రసూ, పాస్‌వర్డూ ఉన్నాయి. ఫోన్‌లో తెరిచాను. మాది పాత పెట్టె, 2.4 ఒక్కటే. చానెల్ ‘ఆటో’, పక్కన ప్రస్తుతం 13 అని చూపిస్తోంది. 6 పెట్టి సేవ్ చేశాను. అర నిమిషంలో ల్యాప్‌టాప్‌లో మా పేరు వచ్చింది!

లలిత_నెట్‌వర్క్స్: సంతోషం మాస్టారూ. మళ్లీ ఆటోకి మార్చకండి. 1, 6, 11లో ఏదైనా ఫరవాలేదు.

స్క్రూడ్రైవర్: నెల రోజులు చూడండి మాస్టారూ. మళ్లీ పోతే మాత్రం కార్డే.

లలిత_నెట్‌వర్క్స్: పోతే ముందు చానెల్ చూడండి.