మంచం కింది దోస్తుకు కూడా అన్నం పెట్టమంటున్నాడు

నల్లగొండ అమ్మ:
మా బాబుకు నాలుగున్నరేళ్లు. నెల నుంచి మంచం కింద ‘గుండు’ అనే దోస్తు ఉన్నాడంటున్నాడు. వాడికీ పళ్లెం పెట్టాలట, కూరలో కారం ఎక్కువైతే గుండు ఏడుస్తాడట. మా అత్తమ్మ గాలి సోకిందని మొన్న దిష్టి తీసింది. బడిలోనేమో బర్రెకు నీలం రంగు వేశాడని టీచర్ పేజీ చింపేసింది. నాకు ఒకటే టెన్షన్. ఇట్లయితే అబద్ధాలు అలవాటవుతాయా? ఆపాలా, వదిలేయాలా?

దేవరకొండ టీచరమ్మ:
చెల్లె, నేను అంగన్‌వాడీలో చేసి రిటైరయ్యాను. ఇట్లాంటి గుండులను చాలామందిని చూశాను. రెండేళ్ల నుంచి ఏడేళ్ల దాకా పిల్లలు లేనిది ఉన్నట్టు అనుకొని ఆడటం మామూలేనని పిల్లల మనసు మీద పరిశోధన చేసిన పియాజే ఏనాడో రాశాడు. అది అబద్ధం కాదు, ఆట.

మా సెంటర్‌కు ఒకసారి ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాయి. పాడైతే లెక్క చెప్పాలి కదా, బీరువాలో పెట్టి తాళం వేశాం! ఆ ఎండాకాలం ఒక పిల్ల ముంజలు తినేసిన రెండు బుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసింది. మధ్యాహ్నానికల్లా అది దేవరకొండ డిపో బస్సయింది. టికెట్లు చింతాకులు. నన్నూ ఎక్కించుకుంది. చిల్లర లేదన్నానని నడిదారిలో దింపేసింది.

గుండుకు ఖాళీ పళ్లెం పెట్టు. ‘వాడికి ఏం కూర ఇష్టం?’ అని అడిగి ఊరుకో, కథ నువ్వు అల్లకు. నీళ్లు ఒలకబోసి గుండు మీదకు నెడితే మాత్రం ‘సరే, ఇద్దరూ కలిసి తుడవండి’ అను. వేరే పిల్లలతో అసలు కలవకపోయినా, గుండుకు భయపడి నిద్రపోకపోయినా డాక్టర్‌కు చూపించు. అవునూ, బర్రె నీలంగా ఎందుకుందో వాణ్ణి ఎవరైనా అడిగారా?

పాలమూరు నాన్న:
అక్కా, మీవాడు నయం. మా పాపకు ఫోన్ లేనిదే ముద్ద దిగేది కాదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మాకు మూడు గంటలు దాటేది. మాన్పించిన మొదటి వారం ఇల్లు ఇల్లులా లేదు.

2018లో మన పాలమూరు పిల్లలమర్రి చెట్టుకు చెదలు పడితే సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు, గుర్తుందా? ఆ ఫొటో చూపిస్తే ‘సూది పొడిస్తే చెట్టు ఏడవలేదా?’ అంది. మర్నాడు పెరట్లో జామచెట్టుకు ఖాళీ సీసా, దారం వేలాడుతున్నాయి. రెండు రోజులు ఎవరినీ కాయ కోయనివ్వలేదు, పేషెంట్ అట.

నల్లగొండ అమ్మ:
టీచరమ్మా, అడిగాను. పోయిన ఆదివారం పానగల్లు వెళ్లినప్పుడు ఉదయ సముద్రం చెరువులో బర్రెలను చూశాడు. ‘అది నీళ్లల్లో మునిగింది, ఇంక నల్లగా ఎట్ల కనబడ్తది?’ అని నన్నే అడిగాడు. నిన్న మళ్లీ గీశాడు. పేజీ నిండా నీలమే, పైన రెండు నల్ల కొమ్ములు.